కందగడ్డ కింద ఖీమా

నేను చేసిన వంట తిని బాగాలేదన్న మనిషి నిజామాబాద్ జిల్లాలో ఇంతవరకు పుట్టలేదు. నవీపేట్ నుంచి జక్రాన్‌పల్లి దాకా ఎవరినైనా అడగండి.

ఈ రికార్డు పోయిన మార్చి పదో తారీఖు పొద్దున తొమ్మిదిన్నర దాకా నిలిచింది. తొమ్మిది ముప్పై ఒకటికి, బోధన్‌లో గులాం చాచా బేకరీ వెనక, ఆయన కొడుకూ నా దోస్తూ అయిన ఆకిబ్ నేను చేసిన షెపర్డ్స్ పై అనే ఇంగ్లీషు వంట ఒక చెంచా నోట్లో పెట్టుకున్నాడు. మింగలేదు. ఉమ్మలేదు. నా వైపే చూస్తూ చెంచా నా చేతికిచ్చాడు. మిగిలింది బేకరీ ముందు పడుకునే కుక్కకు పెట్టాం. అది వాసన చూసి లేచి, రోడ్డు దాటి, ఎదురుగా ఉన్న హార్డ్‌వేర్ దుకాణం ముందు పడుకుంది. ఇప్పటికీ అక్కడే పడుకుంటోంది.

నిజం చెప్పాలంటే అంతకుముందు నేను వండి ఎవరికీ పెట్టలేదు. రికార్డు అంతకాలం నిలవడానికి అదే కారణం.

నా పేరు అఖిలేష్. నిజామాబాద్‌లో హోటల్ మేనేజ్‌మెంట్ రెండో సంవత్సరం చదువుతున్నాను. మా ఊరు బోధన్‌కు నాలుగు కిలోమీటర్లు, చుట్టూ చెరుకు. మేం కుర్మవాళ్లం, అంటే తరతరాలుగా గొర్రెలు కాచేవాళ్లం. ఇంట్లో ఇప్పటికీ నలభై గొర్రెలున్నాయి. నేను మాత్రం ఆరో తరగతి నుంచి హాస్టళ్లలో పెరిగినవాణ్ని కాబట్టి గొర్రె గురించి నాకు తెలిసిందల్లా అది ప్లేట్లోకి వచ్చాక మొదలవుతుంది.

మందకు పెద్ద మా తాత ముత్తన్న. డెబ్బై నాలుగేళ్లు. నోట్లో పళ్లున్న రోజుల్లో ఆయన తలకాయ కూర తిని లేచాడంటే, విస్తరిలో మిగిలిన ఎముకలు చూసి అది ఏ జంతువో చెప్పడం పశువుల డాక్టర్ వల్ల కూడా అయ్యేది కాదు. మా వాడకట్టు కుక్కలు పెరుగన్నానికి అలవాటు పడింది ఆయన వల్లే.

అలాంటి మనిషికి జనవరిలో నిజామాబాద్ పళ్ల డాక్టర్ మిగిలిన ఏడు పళ్లూ పీకేశాడు. చిగుళ్లు మానాలి, కొత్త పళ్ల సెట్టు ఏప్రిల్‌లో ఇస్తానన్నాడు. చిక్కేమిటంటే మా కుర్మల దేవుడు బీరప్ప పండుగ మార్చిలో.

పండుగనాడు మా ఇంటిపేరు వాళ్లందరం, అరవై డెబ్బై మందిమి, ఒకే బంతిలో కూర్చుంటాం. అందరికీ వడ్డించాక వంశంలో పెద్దవాడు యాటకూర, అంటే మాంసం కూర, తునక నోట్లో పెట్టుకుంటాడు. అది ఆయన గొంతు దిగిందాకా ఎవరూ విస్తరి ముట్టరు. పదహారేళ్లుగా ఆ తునక మా తాతదే. ఆయన తర్వాత వరసలో ఉన్నది ఆయన తమ్ముడు లింబయ్య తాత. లింబయ్య తాతకు ముప్పై రెండు పళ్లూ ఉన్నాయి. నవ్వితే ముప్పై ఆరు కనిపిస్తాయి.

పండుగ ఇంకా పద్నాలుగు రోజులుందనగా తాత అన్నాడు.

"ఈపారి లింబయ్యను కూసోబెట్టుండ్రి. నాకు కడుపుల మంచిగుంటలేదు."

మా అవ్వ, తాత భార్య రుక్మాబాయి, చాట పక్కన పెట్టింది. "నీ కడుపుకేమైంది? కడుపు గుండు లెక్క ఉన్నది. నోటికి సిగ్గయితున్నదని చెప్పు."

"సిగ్గేంది? ఉన్న మాట." తాత నా వైపు తిరిగాడు. "పండ్లూడిన గొర్రెను ఏం జేస్తం రా అఖిలూ? మందల ఉంచుకుంటమా? అంగడికి తోలుతం. నేను తోలలేదా ఎన్నిటినో. గిప్పుడు నా వంతొచ్చింది."

ఇంట్లో పనులన్నీ ఆగిపోయాయి. గోడ గడియారం కూడా ఆగిపోయింది. అది ఆగి మూడేళ్లయింది గాని, నేను గమనించింది ఆ రోజే.

అప్పటికే ఆయన తిండి మానేసినంత పని చేశాడు. అవ్వ ఒకసారి యాట తునకల్ని రోట్లో దంచి అన్నంలో కలిపి పెడితే, "నేనేమన్న పాలు తాగే పోరన్నా" అని గిన్నె జరిపేశాడు. గంజి తాగుతున్నాడు, అంబలి తాగుతున్నాడు, రోజురోజుకూ తగ్గిపోతున్నాడు. తలకు రుమాలు చుట్టుకుంటే మనిషికంటే రుమాలు బరువుగా కనిపిస్తోంది. బంతిలో పెద్దపీట కూడా వదిలేశాడంటే ఇక ఏప్రిల్ దాకా ఏం మిగులుతాడని నాకు భయం పట్టుకుంది.

షెపర్డ్స్ పై గుర్తొచ్చింది అప్పుడే. మాకు కాలేజీలో చెప్పారు. కింద ఖీమా, దాని మీద మెత్తగా మెదిపిన ఆలుగడ్డ మందంగా పరిచి, పైన ఎర్రబడేదాకా ఓవెన్లో కాల్చడం. గొర్రెల కాపరి పేరు మీద ఉన్న ఇంగ్లండ్ వంట. పళ్లతో దానికి పనే లేదు. కానీ మెత్తటిదని చెబితే తాత ముట్టడు. అందుకని దాని గొప్పతనం కొంచెం పెంచాను.

"తాతా, ఇంగ్లండ్‌ల గొర్లు కాసేటోళ్లు ఒకటి తింటరు, తెల్సా? గది వేరేటోళ్లకు పెట్టరు."

"ఎందుకు పెట్టరు?"

"కులం కట్టుబాటు."

తాత చుట్ట పక్కన పెట్టాడు. "ఆడ గూడ కుర్మోళ్లున్నరా?"

"ఉన్నరు. ఇంగ్లీషు కుర్మోళ్లు. నాకొక దోస్తున్నడు ఫోన్ల. ఆర్థర్ అని. నీ ఈడోడే. మూడు వేల గొర్లున్నయి ఆయనకు."

"మూడు వేలా! ఎంతమంది కాస్తరు?"

"ఆయనొక్కడే. ఇగ ఒక కుక్క."

"మూడు వేలకు ఒక్క కుక్కనా?"

"పెద్ద కుక్క తాతా."

ఆ రోజు నుంచి నా పని రెండింతలైంది. పొద్దున కాలేజీలో చదువు, సాయంత్రం నిజామాబాద్ నుంచి వచ్చే బస్సులో కూర్చుని ఆర్థర్ జవాబులు తయారు చేయడం. బస్సు దిగేసరికి తాత అరుగు మీద సిద్ధంగా ఉండేవాడు.

"ఏమన్నడు?"

"నువ్వు మంచిగున్నవా అని అడిగిండు."

"మంచిగనే ఉన్న అని రాయి. గొర్లకు ఏం మేపుతడట?"

"గడ్డి."

"ఉత్త గడ్డేనా? తుమ్మకాయ దొరకదా ఆడ?"

"దొరకదట తాతా."

"పాపం." తాతకు నిజంగానే జాలేసింది. "మరి బొచ్చు కత్తిరించి ఏం జేస్తరు? గొంగళ్లు నేస్తరా?"

"నెయ్యరు. స్వెటర్లు చేస్తరు."

"గంత సలి దేశంల గొంగడి లేకుంట ఎట్ల బతుకుతున్రు రా! ఆయనకు తమ్ముడున్నడా?"

"ఉన్నడు."

"పండ్లున్నయా?"

"అన్నీ ఉన్నయట."

"ఉంటయి," అన్నాడు తాత, చెరుకు తోట అవతల లింబయ్య తాత ఇల్లున్న దిక్కు చూస్తూ. "తమ్ముండ్లకు ఉంటయి."

నాలుగో రోజు సంగతి వంట దగ్గరకు వచ్చింది. పైన పరిచేది ఆలుగడ్డ అని చెబితే తాత తల అడ్డంగా ఊపాడు.

"ఆలుగడ్డ నాకు పడదు, గ్యాసు. కందగడ్డ పెడితె ఏమైతదో అడుగు."

పుస్తకాల్లో చిలగడదుంప అని రాసేదాన్ని మా దగ్గర కందగడ్డ అంటాం. తాతకు దానితో పాత స్నేహం. వయసులో ఉన్నప్పుడు ఆయన నవీపేట్ దిక్కు పొలాల్లో ఎరువు కోసం మంద ఆపేవాడు. రైతులు తవ్వుకోగా మట్టిలో మిగిలిపోయిన కందగడ్డల్ని ఏరి, నిప్పుల్లో పొట్టుతోనే కాల్చుకుని తినేవాడు. "గదొక్కటే ఇప్పుడు గూడ నా మాట ఇంటది," అన్నాడు చిగుళ్లు తడుముకుంటూ.

ఆర్థర్ ఈ విషయం మీద ఒక రోజంతా ఆలోచించాడు. మర్నాడు బస్సు దిగి ఆయన జవాబు చదివి వినిపించాను. కందగడ్డ వేసిన పై మామూలు కాపర్లకు కాదు, పెద్ద కాపర్లకే పెడతారు, మీ తాతది అంత పెద్ద తలకాయేనా, నలుగురిలో కూర్చుని తినగలడా అని అడిగాడు.

తాత వీపు నిటారుగా అయింది. "తింటడని రాయి. పండుగనాడు బంతిల కూసోని తింటడని రాయి!"

అవ్వ లోపలి నుంచి విని బయటికొచ్చింది.

"కందగడ్డ శివరాత్రి ఒక్కపొద్దుకు తినేటిది రా. బెల్లం పెట్టి ఉడకేసి దేవునికి పెట్టేటిది. దాని కింద యాట పెడ్తవా? శివుడు సూస్తడు."

"కింద పెడ్తున్న గదా అవ్వా. ఆయన పైనుంచి సూస్తడు, పైనుంచి గడ్డనే కనవడ్తది."

అవ్వ చీపురు ఎత్తింది. ఎత్తిన చీపురు కిందికి రాలేదు, కొంగు మాత్రం నోటికి అడ్డం వచ్చింది. శివరాత్రికి తెచ్చిన కందగడ్డలు అటక మీద సగం సంచి మిగిలి ఉన్నాయని తనే చెప్పింది.

ఇక మిగిలింది ఓవెన్. కాలేజీ ఓవెన్‌ను ఇంటికి తేవడం కుదరదు. నేను అడిగాను. గులాం చాచా బేకరీలో కట్టెల భట్టి ఉంది. రంజాన్ దగ్గర పడితే బోధన్‌లో చాలా ఇళ్ల నుంచి పిండి, చక్కెర, నెయ్యి తెచ్చుకుని ఆ భట్టిలోనే బిస్కెట్లు కాల్పించుకుంటారు. బిస్కెట్లు కాల్చే భట్టి ఈ పైని ఎందుకు కాల్చదని ఆకిబ్ అన్నాడు. చాచా లేని సమయం చూసి మొదటి పై అందులోకి తోశాం. తర్వాత కుక్క రోడ్డు దాటిన విషయం ముందే చెప్పాను.

ఎక్కడ పోయిందంటే మూడు చోట్ల పోయింది. కందగడ్డల్ని కోసి నీళ్లలో ఉడకబెట్టాను, అవి నీళ్లు తాగి జావ అయ్యాయి. ఖీమాలో షోర్వా ఉండగానే పైన పరిచాను, జావ మొత్తం అందులో మునిగిపోయింది. భట్టి పావ్ రొట్టెలు కాల్చే వేడి మీద ఉండగానే లోపల పెట్టాను. బయటికి తీస్తే బోధన్ బస్టాండ్ ముందు కొత్తగా వేసిన రోడ్డు లాగ ఉంది. పైన నలుపు, లోపల చల్లగా, అంచుల్లో పొగ.

అదే సమయానికి చాచా వచ్చాడు. ట్రేలోకి వంగి చూశాడు.

"ఏంది బేటా ఇది?"

"షెపర్డ్స్ పై చాచా. షెపర్డ్ అంటే గొర్లు కాసేటోడు."

"మర్ గయా బేచారా, పాపం సచ్చిండు," అన్నాడు చాచా. ఎవరి కోసమని చెప్పగానే మాత్రం స్టూల్ లాక్కుని కూర్చున్నాడు. ముత్తన్న తాత ఆయనకు తెలుసు. బేకరీ పెట్టిన కొత్తలో రోజూ భట్టికి తుమ్మ కట్టెలు తెచ్చి వేసింది తాతే.

"కందగడ్డను నీళ్లల్ల ఎందుకేసినవ్? దానికి గుసల్ స్నానం చేయించాల్నా? పొట్టుతోనే తీసుకపోయి భట్టి మూలకు పెట్టు. దాని నీళ్లు అదే ఇడుస్తది. ఖీమా పొడిగ ఫ్రై చెయ్యి. గరిటెతోని గీస్తే నడుమ బాట పడాలె, పడ్డ బాట మూసుకపోవద్దు. ఇగ పావ్‌లు తీసినంక రెండు గంటలు ఆగు. గప్పుడు భట్టికి గుస్సా దిగుతది. పెద్దమనిషి ఎప్పుడు మంచి మాట వింటడు? గుస్సా దిగినంకనే గదా. ఇది గూడ గంతే."

రెండో పై మాత్రం ఆయన చెప్పినట్టే చేశాను. కందగడ్డలు భట్టి మూలలో గంటసేపు మగ్గి, పొట్టు ముడతలు పడి, చీలికల్లోంచి పాకం కారింది. వేలితో తోస్తే పొట్టు ఊడి వచ్చేసింది. వేడి మీదే వెన్న, ఉప్పు, మిరియాల పొడి వేసి మెదిపాను. ఉల్లిగడ్డ, అల్లంవెల్లుల్లి, పసుపు, క్యారెట్, పచ్చి బఠాణీ వేసి ఖీమాను బాట పడేదాకా వేయించాను. దాన్ని రేకు ట్రేలో గట్టిగా అదిమి, మీద కందగడ్డ పరిచి, ఫోర్కుతో దున్నిన చేనులాగ సాళ్లు గీశాను. ఇరవై ఐదు నిమిషాలకు సాళ్ల గట్లు ఎర్రగా కాలాయి, మధ్యలో నారింజ రంగు అలాగే ఉంది. ఆకిబ్ తిన్నాడు. మింగాడు. ఇంకో చెంచా అడిగాడు. చాచా రెండు పావ్‌లు తెచ్చుకుని మిగిలిందంతా తుడిచేశాడు. ఎదుటి దుకాణం ముందు నుంచి కుక్క తల ఎత్తి చూసింది. మేం పిలవలేదు.

పండుగకు రెండు రోజుల ముందు తాత కొత్త కోరిక కోరాడు.

"ఆర్థర్ గొంతు ఒక్కపారి ఇనిపియ్యి. గిన్ని దినాలు మాట్లాడుకున్నం, గొంతు తెల్వకపాయె."

ఆకిబ్ బేకరీ వెనక నిలబడి వాయిస్ మెసేజ్ పంపాడు. ఇంగ్లీషులో ఏం చెప్పాలో తోచక చేతిలో ఉన్న ఈస్టు పొట్లం వెనక రాసింది చదివాడు. లావు గొంతు పెట్టి, మెల్లగా, ప్రేమగా చదివాడు. "స్టోర్ ఇన్ ఎ కూల్ అండ్ డ్రై ప్లేస్. కీప్ అవే ఫ్రం డైరెక్ట్ సన్‌లైట్."

తాత నిలబడి విన్నాడు. "ఏమంటున్నడు?"

"అన్నా, ఎండల తిరగకు, పానం జాగ్రత్త అంటున్నడు."

తాత తల మీది రుమాలు సర్దుకుని దూరంగా చూశాడు. "దూరమోడైనా ఎంత ప్రేమ, ఎంత పావురం ఉన్నది రా."

అవ్వ మాత్రం, "ఇంగ్లీషోళ్లు గూడ మన బోధన్ పోరగాండ్ల లెక్కనే మాట్లాడ్తున్రు," అంది. నేను గొర్రెలకు నీళ్లు పెట్టాలని చెప్పి వెళ్లిపోయాను. నా జన్మలో నేను గొర్రెలకు నీళ్లు పెట్టింది ఆ రోజే.

పండుగ వచ్చింది. మా ఊళ్లో పండుగ ఎవరిదైనా యాటను హలాల్‌గా కోసేది ముల్లా సాబే, అందరూ తినాలి కాబట్టి. "పొట్టేలును కోసింది ఎవరు?" అని తర్వాత భట్టి దగ్గర చాచా అడిగాడు. నేను ధైర్యంగా నిజం చెప్పగలిగిన ఒకే ఒక్క ప్రశ్న అది. మెత్తటి మాంసం తీసుకుని కత్తితోనే సన్నగా ఖీమా కొట్టాను, వేయించి డబ్బాలో పెట్టుకుని బోధన్ పోయాను. పన్నెండున్నరకు భట్టిలోంచి పై బయటికొచ్చింది. ఆకిబ్ బండి నడిపాడు. నేను వెనక కూర్చుని వేడి ట్రేను తువ్వాలలో చుట్టి ఒళ్లో పెట్టుకున్నాను. నాలుగు కిలోమీటర్లు. నా తొడల మీద ఆ ట్రే నాలుగు మూలలూ ఇంకా ఉన్నాయి, చూపించడం మర్యాద కాదు.

ఇంటికి చేరేసరికి విస్తర్లు పరిచి ఉన్నాయి. అందరూ వచ్చారు. పెద్దపీట ఖాళీగా ఉంది. లింబయ్య తాత అప్పటికే మూడుసార్లు చేతులు కడుక్కున్నాడు.

"అన్న రానంటున్నడు రా," అన్నాడు పళ్లన్నీ చూపిస్తూ. "పిల్లలు ఆకలి మీద ఉన్నరు. నేను కూసోవాల్నా మరి?"

"ఆగు తాతా, కూసోకు," అని ట్రే అవ్వకిచ్చి గొర్రెల దొడ్డి దగ్గరికి పరుగెత్తాను.

తాత గొర్రెల మధ్య బోర్లించిన గంప మీద కూర్చుని ఉన్నాడు. పాత అంగీ, తల మీద రుమాలు కూడా లేదు.

"ఆర్థర్‌కు రాయి, సుస్తయిందని. గంతమంది ముందట బోసినోరు ఆడిచ్చుకుంట కూసుండాల్నా నేను? లింబయ్య నవ్వుతడు. నవ్వకున్న నవ్వినట్టే కొడ్తది."

నేను ఫోన్ తీశాను. పొద్దున్నుంచి ఛార్జింగ్ పెట్టలేదు, అది ఆగిపోయి గంటయింది. నల్లటి అద్దంలో నా మొహమే కనిపిస్తోంది. దాన్నే చూస్తూ చదవడం మొదలుపెట్టాను.

"ఆర్థర్ మెసేజ్ పెట్టిండు తాతా. ఇప్పుడే. అన్నా, నా మందల ఒక ముసలి పొట్టేలున్నది. దానికి ముందర పైపండ్లన్నీ ఊడిపోయినయి. అందరు అంగడికి తోలుమన్నరు. నేను తోలలేదు. గది ముందు నడిస్తెనే మూడు వేల గొర్లు దాని ఎనక నడుస్తయి. పండ్ల కోసం నడుస్తలేవన్నా, దాని కోసం నడుస్తున్నయి. గిట్ల రాసిండు."

తాత నా చేతిలోని నల్లటి ఫోన్ చూశాడు, నన్ను చూశాడు.

"మళ్ల సదువు."

మళ్లీ చదివాను. కొంచెం మారింది గాని పొట్టేలు అదే.

"పైపండ్లేనా?"

"పైవే తాతా. ముందరియి. అన్నీ ఊడినయట."

తాత గంప మీంచి లేచాడు. తొట్టిలో మొహం కడుక్కున్నాడు. అవ్వను పిలిచి పండుగ రుమాలు తెమ్మన్నాడు.

తాత పెద్దపీట మీద కూర్చోగానే బంతి అంతా సర్దుకుని కూర్చుంది. నేను ఆయన విస్తరిలో పైని చదరంగా కోసి పెట్టాను. పైన నారింజ, కింద గోధుమ రంగు, మధ్యలోంచి ఆవిరి. డెబ్బై మంది ఆ ముక్కను చూస్తున్నారు. నాకు మాత్రం ఏడు వందల మంది అనిపించింది. తాత కందగడ్డ, ఖీమా కలిపి ముద్ద చేసి నోట్లో పెట్టుకున్నాడు. దవడలు రెండుసార్లు మెల్లగా కదిలాయి. గొంతు కింది ఎముక పైకి పోయింది, కిందికి వచ్చింది.

"కానియ్యుండ్రి," అన్నాడు. డెబ్బై చేతులు ఒక్కసారే విస్తర్లలో పడ్డాయి.

తాత రెండో ముద్ద తిన్నాడు, మూడోది తిన్నాడు. ట్రేను దగ్గరకు లాక్కున్నాడు. పక్కన లింబయ్య తాత మెడ సాచాడు.

"ఏందన్నా గది? వాసన మస్తున్నది. నాకింత పెట్టరాదు?"

"నీకు పండ్లున్నయి గద రా," అన్నాడు తాత. "బొక్కలు నములు."

వెనక నుంచి వడ్డిస్తూ పోతున్న అవ్వ ట్రే అంచున ఎర్రగా కాలిన కందగడ్డను గోటితో గిల్లి నోట్లో వేసుకుంది. నేను చూడలేదని అనుకుంది. అనుకోనిచ్చాను.

భోజనాలయ్యాయి. అందరూ వేపచెట్టు నీడకు చేరారు. నేనూ ఆకిబూ ఖాళీ ట్రే చూసుకుంటూ, మా ఇద్దరి పేరు మీద బోధన్‌లో ఒక చౌరస్తా పెడతారని మాట్లాడుకుంటున్నాం. దొడ్డిలోంచి తాత పిలుపు వినిపించింది.

"అఖిలూ. గీడికి రా. ఒక్కనివే."

వెళ్లేసరికి తాత ఒక గొర్రెను మోకాళ్ల మధ్య పట్టుకుని ఉన్నాడు. దాని కింది పెదవి బొటనవేలితో కిందికి లాగాడు.

"ఎంచు."

"ఎనిమిది."

"మంచిది." ఈసారి పై పెదవి ఎత్తాడు. "గిప్పుడు పైవి ఎంచు."

వంగి చూశాను. పళ్లున్న చోట గులాబీ రంగు చిగురు తప్ప ఏమీ లేదు. అరిగినట్టు లేదు, ఊడినట్టూ లేదు. నున్నగా ఉంది.

"దీనికి ఊడినయి తాతా," అన్నాను చివరి ఆశతో.

తాత దాన్ని వదిలి పక్క గొర్రెను పట్టాడు. దానికీ లేవు. దాని పిల్లకూ లేవు.

"ఏ గొర్రెకు గూడ ముందర పైపండ్లు ఉండయి రా. పుట్టినకాడి నుంచి సచ్చేదాక ఉండయి. మన దేశంల ఉండయి, వాళ్ల దేశంల ఉండయి. మూడు వేల గొర్లున్నోనికి గది తెల్వదా? కుర్మోని ఇంట్ల పుట్టి నీకు తెల్వదా?"

నాకు గొర్రె మీద కోపం వచ్చింది. ఇంత ముఖ్యమైన విషయం ఇరవై ఏళ్లుగా దాచింది.

"ఆర్థర్ ఎవడు?"

"లేడు తాతా."

"మూడు వేల గొర్లు?"

"లెవ్వు."

"కుక్క?"

ఇక్కడ కొంచెం ఆగాను. ఆ కుక్క మీద నాకు ప్రేమ పుట్టింది. "కుక్క గూడ లేదు."

"మరి గా గొంతు?"

"ఆకిబ్‌ది. ఈస్టు పొట్లం మీద రాసింది సదివిండు."

తాత భుజాలు ఊగడం మొదలైంది. ఏడుస్తున్నాడేమోనని భయపడ్డాను. రుమాలు అంచుతో కళ్లు తుడుచుకుంటూ బోసినోరంతా తెరిచి నవ్వుతున్నాడు. రెండు నెలల్లో ఆ నోరు అంత బాహాటంగా తెరవడం అదే మొదటిసారి.

"నీకు గంప మీద కూసున్నప్పుడే తెల్సిందా?" అని అడిగాను.

"తెల్సింది."

"మరెందుకు లేచినవ్?"

"ఛార్జింగ్ లేని ఫోన్ల అక్షరం తప్పకుంట సదివే మనుమడు ఎంతమందికుంటడు? లేవకుంటె వానికెట్లుంటది?" తాత గొర్రెపిల్లను తల్లి దగ్గరికి తోశాడు. నవ్వు ఆగింది గాని మొహంలో ఇంకా పోలేదు. "గిప్పుడు నువ్వు చెప్పు. గిన్ని అబద్ధాలు ఎందుకాడినవ్ రా?"

మామూలుగా నాకు జవాబు అరసెకనులో తయారవుతుంది. కాలేజీ ప్రిన్సిపాల్ దగ్గరైనా అంతే, బస్సు కండక్టర్ దగ్గరైనా అంతే. ఈసారి వెతికాను. చెప్పడానికి ఉన్నది ఉన్నదే మిగిలింది.

"చిన్నప్పటి సంది నీ గొంతుల తునక దిగుడు సూసినంకనే నేను చెయ్యి పెట్టిన తాతా. ఇంకొకరి గొంతు సూసి తినుడు నాకు రాదు. నువ్వు గంజి తాగుకుంట పక్కకు జరుగుతుంటె నాకు బుగులైంది, బయమేసింది. నిజం చెప్తె నువ్వు తినకపోతుంటివి. గందుకే చెప్పలేదు. పై నేనే చేసిన. ఆర్థర్‌ను గూడ నేనే చేసిన."